అమెరికాదాని నవ్వు

హోల్డర్‌బాఖ్, జర్మనీ
1987 మార్చి 5

వెర్నా అక్కకు,

అక్కడ నువ్వూ బావగారూ ఆవులూ అంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను బాగాలేను. ప్రతి ఉత్తరమూ "అంతా అద్భుతం" అని మొదలుపెట్టేదాన్ని, ఇవాళ ఇలా మొదలుపెట్టానంటే ఏదో జరిగిందని నీకు తెలిసిపోయే ఉంటుంది. ఆ "అద్భుతం" అన్న మాట ఇక జన్మలో నా నోట రాదు.

మా ఊరి వేషాల పండగ గురించి నీకు ఇదివరకు రాశాను. ఉపవాసాలు మొదలయ్యే ముందు వారం ఊరికి పిచ్చెక్కుతుంది. గురువారం సాయంత్రం టౌన్ హాల్లో వేదిక కడతారు. ఏడాదిలో ఎవరెవరు ఏ తెలివితక్కువ పనులు చేశారో వేషం కట్టి ఆడి చూపిస్తారు. ఎవరి మీద ఆడుతున్నారో వాళ్ళు ముందు వరసలో కూర్చుని నవ్వాలి. ఆట అయ్యాక ఆడినవాళ్ళు దిగొచ్చి వాళ్ళ మెడలో ప్రెట్జెల్ ఉప్పురొట్టెల దండ వేస్తారు. అందులోది ఒక ముక్క తుంచి తినాలి. మొహం మాడ్చుకున్నామా, ఏడాదంతా ఊరి నోట్లో నానాల్సిందే.

ఈసారి దండ నా మెడలో పడింది. వేసింది మా ఆడబిడ్డ హెడ్విగ్. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు.

ముందొక దిండు, వెనకొక దిండు కట్టుకుంది. అచ్చం నా కోటులాంటి పసుప్పచ్చ కోటు. నోట్లో చూయింగ్ గమ్. చెత్తబుట్టను చూసి "అద్భుతం!", వీధికుక్కను చూసి "అద్భుతం!" అని కప్పెగిరిపోయేలా అరిచింది. రోడ్డు దాటడానికి అట్టపెట్టె కారెక్కింది. మంచినీళ్ళడిగి గ్లాసునిండా ఐసు నింపుకుంది. "వియన్నా ఇటలీలోదే కదూ?" అంది. అది పెళ్ళయిన కొత్తలో, వాళ్ళ వంటింట్లో, సొంతమనిషని నమ్మి నేనన్న మాట. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ "హౌ ఆర్ యూ?" అనడం, వాడు నోరు తెరిచేలోపు ముందుకెళ్ళిపోవడం. "మా ఇంటికి రండి, తప్పకుండా రండి!" అనడం, "ఎప్పుడు రమ్మంటారు? ఇల్లెక్కడ?" అని వాడు అడిగేసరికి తుర్రుమనడం. హాలు హాలంతా పొట్ట పట్టుకుంది. అంతవరకూ నేనూ నవ్వాను అక్కా. నిజంగానే నవ్వాను.

అప్పుడు రొట్టెలు మోసే పొడుగాటి పెట్టె ఒకటి తెచ్చి, దానిమీద నల్లగుడ్డ కప్పారు. హెడ్విగ్ దాని ముందు నిలబడి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. పెట్టెకి చెయ్యి ఊపింది. "హౌ ఆర్ యూ?" అంది.

పెట్టెలో ఉన్నదెవరో ఎవరూ చెప్పక్కర్లేదు. పోయిన అక్టోబరులో మా మామగారిని సమాధి చేసినప్పుడు, వచ్చినవాళ్ళందరికీ చేతులు కలిపి నేను చిరునవ్వు నవ్వాను. అదీ నా నేరం. ఆ పెట్టె ఆటకి, హాల్లో నా పక్కన కూర్చుని రైనర్ కూడా నవ్వాడు. నా మొగుడు.

దండ వేశారు. ముక్క తుంచి తిన్నాను. ఆ ఉప్పు ఇంకా నాలుక మీదే ఉంది.

నీ చెల్లెలు,
డార్లీన్

*

స్వీగార్డ్, మిన్నెసోటా
1987 మార్చి 19

చెల్లీ,

నీ ఉత్తరం మెయిల్ బాక్సు దగ్గరే, కార్లో కూర్చుని చదివాను. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. మనం రోడ్డు దాటడానికి కారెక్కుతామా? ఏం మాటలవి? మెయిల్ బాక్సు దాకా నడిచి రాలేక కాదు, కార్లో అయితే హీటరుంటుందని.

ఇక గట్టిగా అరుస్తామన్నది శుద్ధ అబద్ధం. ఆ మాటే వంటింట్లోంచి మీ బావతో అన్నాను. ఆయన కొట్టంలో పాలు పితుకుతున్నారు. "వినబడుతోందిలే!" అన్నారు. కాసేపటికి కంచె అవతలి డెల్మర్ వచ్చి, "ఎవరి మీద వెర్నా ఆ కోపం?" అని అడిగాడు. గాలి అటు వీస్తోందంతే.

లావు సంగతి వదిలెయ్. దానికి నా దగ్గర జవాబు లేదు.

కాని ఆ నవ్వు దగ్గర నా రక్తం మరిగింది. అమ్మ పోయినప్పుడు చర్చి మెట్ల మీద మనిద్దరం ఎలా నిలబడ్డాం? నవ్వుతూనే కదా! నాన్నను సాగనంపినప్పుడు అమ్మ చెప్పింది గుర్తుందా, "వచ్చినవాళ్ళ చేత ఓదార్పించుకోకండే, వాళ్ళూ ఏడ్చే వచ్చారు, కాఫీ పొయ్యండి" అని. ఏడుపు తర్వాత సామాన్లగదిలో ఏడ్చాం, తలుపేసుకుని. ఆ నవ్వుని వేదికెక్కించి వెక్కిరిస్తుందా అది?

ఊరుకోకు. నువ్వూరుకుంటే నేనూరుకోను. దెబ్బకి దెబ్బ పడాల్సిందే.

కోపంతో,
అక్క

*

హోల్డర్‌బాఖ్
1987 ఏప్రిల్ 12

అక్కా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. ఈ దేశంలో నా పక్షాన ఉన్నది అదొక్కటే. రైనర్‌తో పదిరోజులు మాటల్లేవు. "పండగే కదా డార్లీన్, పండగలో మాటకి పండగతోనే సరి. నవ్వకపోతే మా అక్కని అవమానించినట్టు కాదూ?" అంటాడు. మరి నన్ను?

ఒక్క మంచి సంగతి ఉంది. ఈ ఏడు ఎవరి మెడలో దండ పడిందో, వచ్చే ఏడు వేదిక మొదట వాళ్ళదే. అది ఊరి కట్టుబాటు. నేనెక్కుతాను. ఎక్కి ఏమాడాలన్నదే తోచడం లేదు. హెడ్విగ్ శనివారం శనివారం వీధిని కూడా సబ్బుపెట్టి కడుగుతుంది. కానుక కట్టిన కాగితాన్ని ఇస్త్రీ చేసి దాచుకుంటుంది. భోజనానికి ఐదు నిమిషాలు ఆలస్యమైతే గడియారం వైపు చూస్తుంది తప్ప మనిషి వైపు చూడదు. ఇవన్నీ ఆడితే ఊరు చప్పట్లు కొట్టి "మా హెడ్విగ్!" అంటుంది. మనకి తిట్లయినవి వీళ్ళకి బిరుదులు.

పైగా ఇప్పుడు ఆవిడ ఊరికి దేవత. మామగారి చివరి శ్వాస దాకా చెయ్యి పట్టుకుని కూర్చుందని చర్చిలో పాస్టరు కూడా చెప్పాడు. కింద బేకరీ, పైన మంచంపట్టిన ముసలాయన, ఒక్కతే అన్నీ చూసుకుంది, కాదనను. రైనర్ అయితే, "నాన్న పోయేటప్పుడు అక్క పక్కనుంది. నాకదొక్కటే ఊరట" అని ఇప్పటికీ అంటాడు. దేవతని ఎలా దించాలో చెప్పు.

నీ
డార్లీన్

*

స్వీగార్డ్
1987 జూన్ 8

డార్లీన్,

మొదటి గడ్డి కోత అయింది. వాన రెండురోజులు ఆగి పుణ్యం కట్టుకుంది.

నేనో పని చేశాను. నీతో చెప్పకుండా చేశాను, తిట్టకు. మీ ఆడబిడ్డకి సూటిగా ఉత్తరం రాశాను. "అమెరికావాళ్ళు ఇంటికి రమ్మని చిరునామా ఇవ్వరని తమరు నాటకమాడారట. ఇదిగో చిరునామా. ఇదిగో ఫోను నంబరు. ఇదిగో విమానాశ్రయం నుంచి మా గడప దాకా దారి, ఎర్ర రంగుతో గీశాను. ఎప్పుడైనా రండి, ఎన్నాళ్ళయినా ఉండండి" అని. కింద నవ్వుమొహం కూడా గీశాను. చెంప ఛెళ్ళుమని ఉండాలి.

అక్క

*

హోల్డర్‌బాఖ్
1987 సెప్టెంబరు 14

అక్కా,

హెడ్విగ్ టిక్కెట్టు కొనేసింది!

నిన్న బేకరీలో అందరి ముందూ చెప్పింది, "మీ అక్క రమ్మంది మరదలా, వెళ్తున్నాను" అని. చెంపా లేదు, ఛెళ్ళూ లేదు. వీళ్ళకి మాటవరస అన్నది లేదక్కా. రమ్మంటే రమ్మనే. అక్టోబరు మూడోవారంలో వచ్చి మూడువారాలుంటుంది. ఆ మూడువారాలూ బేకరీ గల్లా దగ్గర కూర్చునేది నేను.

ఎందుకొస్తోందో నాకు తెలుసు. వచ్చే పండక్కి సరుకు కోసం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికే విమానమెక్కుతోంది. నీ ఇంట్లో ఆవిడ చూసింది ప్రతిదీ ఫిబ్రవరిలో వేదికెక్కుతుంది. కాబట్టి చెప్తున్నా విను. ఐసు వెయ్యకు. అరవకు. కారు ముట్టుకోకు. దేన్నీ అద్భుతం అనకు. బావగారికి పటం చూపించి జర్మనీ ఎక్కడుందో నేర్పు. అన్నిటికన్నా ముఖ్యం, ఊరికే నవ్వకు.

గుండె దడతో,
డార్లీన్

*

స్వీగార్డ్
1987 అక్టోబరు 1

డార్లీన్,

ఎవరు రమ్మన్నారే దాన్ని? అంటే, రమ్మన్నది నేనే అనుకో. అయినా రమ్మంటే వచ్చేస్తారా? వేసవిలో ఇంటికి రండని మా చర్చిలో ప్రతివాళ్ళకీ చెప్తాను. పాతికేళ్ళలో ఒక్కడు రాలేదు, ఒక్కడు నొచ్చుకోలేదు. అదీ మర్యాదంటే!

మీద గది ఖాళీ చేస్తున్నాను. మీ బావ పటంలో జర్మనీ కనిపెట్టారు, కాని అది ఇంకా చిన్నదనుకున్నారట. రానీ, చూద్దాం. మనవాళ్ళ పరువు నా చేతిలో ఉంది.

అక్క

*

స్వీగార్డ్
1987 అక్టోబరు 27

చెల్లీ,

నీ ఆడబిడ్డ ఇక్కడే, పైన గదిలో ఉంది. వచ్చీరాగానే నా గుమ్మం కడిగింది. నేను ముందురోజే కడిగిన గుమ్మం.

కారు ముట్టుకోవద్దన్నావుగా. ఆదివారం చర్చికి నడిచే తీసుకెళ్ళాను, చలిలో, రెండు మైళ్ళు. మొదట డెల్మర్ ట్రక్కు ఆపి, "కారు పాడైందా వెర్నా?" అన్నాడు. కాదన్నాను. తర్వాత పాస్టరు భార్య ఆపి, "మీ ఆయన ఆర్లన్‌తో గొడవా?" అని చెవిలో అడిగింది. చివరికి పోలీసు కూడా ఆపి, "అంతా క్షేమమేనా అమ్మా?" అని దిగాడు. హెడ్విగ్ నా వంక చూసి, "ఇక్కడ నడవడం నేరమా?" అంది. ఏం చెప్పను?

ఐసు వెయ్యడం లేదు. మీ బావ మాత్రం పాలగదిలో దొంగతనంగా ఐసు నములుతున్నారు, శబ్దం ఇంట్లోకి వినబడుతోంది. నవ్వకుండా ఉందామని పెదాలు బిగించి తిరుగుతుంటే, పంటి నొప్పా అని పచారీ కొట్టతను లవంగ నూనె ఇచ్చాడు. మనం మనలా లేకుండా ఉండటం ఎంత కష్టమో తెలిసొచ్చింది. వాళ్ళు మన మీద అన్నవాటిలో సగం నిజమే చెల్లీ. ఇంట్లో మాట, బయట అనకు.

మిగతా సగం సంగతి విను. పెద్దగాలి వచ్చి కొట్టం మీది రేకులు లేచిపోయాయి. తెల్లారేసరికి డెల్మరూ, ఇంకో నలుగురూ నిచ్చెనలతో దిగారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. మధ్యాహ్నానికి కప్పు వేసి, నేను కాల్చిన రెండు యాపిల్ పైలు తిని వెళ్ళారు. హెడ్విగ్ కిటికీ దగ్గర నిలబడి అంతా చూసింది. "మీరు పిలిస్తే ఎవరూ రారు, పిలవకపోతే అందరూ వస్తారు. ఏం మనుషులండీ మీరు!" అంది. తిట్టో పొగడ్తో తెలియలేదు.

పొద్దున్నే నాకంటే ముందు లేచి, నాతో కొట్టంలోకి వస్తోంది. పాలు పితకడం వచ్చు ఆవిడకి. అమెరికా ఆడవాళ్ళు పనిచేస్తారని అనుకోలేదట.

వెర్నా

*

హోల్డర్‌బాఖ్
1987 నవంబరు 5

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు ఆవిడ నచ్చుతోంది!

నేనిక్కడ పొద్దున్నే లేచి ఆవిడ రొట్టెలమ్ముతున్నాను. వచ్చిన ప్రతి ముసలమ్మా నన్ను చూసి "అద్భుతం!" అని పక్కదాన్ని మోచేత్తో పొడుస్తోంది. ఒకావిడైతే చిల్లర తీసుకుంటూ నల్లపెట్టెకి ఊపినట్టు చెయ్యి ఊపింది. తొమ్మిది నెలలైనా వాళ్ళు మరిచిపోలేదు. నేనెందుకు మరిచిపోవాలి?

పాలు పితికిందని మురిసిపోకు. ఆవిడ నీ ఇంట్లో ఉంది, నీ ఉప్పు తింటోంది, నోరు జారే ఘడియ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నాకు ఏదో ఒకటి పంపు. నవ్వుతాలుది కాదు. ఆవిడ ఏడవాలి.

డార్లీన్

*

స్వీగార్డ్
1987 నవంబరు 12

చెల్లీ,

హెడ్విగ్ నిన్న విమానమెక్కింది. ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

డెల్మర్ పోయాడు. పోయిన వారం గింజల గాదె పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. సమాధి అయ్యాక చర్చి నేలమాళిగలో భోజనాలు. తొమ్మిది రకాల హాట్‌డిష్‌లు వచ్చాయి. అన్నిట్లోనూ అదే మాంసం, అవే బీన్స్, పైన అవే బంగాళదుంప బిళ్ళలు, ఏది ఎవరిదో మూతమీద పేరు చూస్తే తప్ప తెలియదు. నువ్వక్కడ మీ మామగారింటికి అదే వండి తీసుకెళ్తే పందులకా అని అడిగారట కదా, హెడ్విగే చెప్పింది.

డెల్మర్ భార్య అయోలా గుమ్మంలో నిలబడి అందరికీ చేతులు కలిపింది, నవ్వుతూ. "వచ్చారా, చలిగా ఉందా, తినండి" అంటూ. హెడ్విగ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "మొగుడు పెట్టెలో ఉన్నాడు, ఆవిడ నవ్వుతోందేమిటి?" అంది. "ఆవిడ ఏడిస్తే మనకి ముద్ద దిగుతుందా? మనం తినాలనే ఆ నవ్వు" అన్నాను. ఆవిడ నమ్మలేదు. తర్వాత పళ్ళేలు కడగడానికి వెనక గదిలోకి వెళ్తే, అయోలా పిండి బస్తా మీద కూర్చుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. హెడ్విగ్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఇంటికొచ్చాక కుర్చీలో కూలబడి ఆవిడ చెప్పింది ఇదీ. మీ మామగారు పోయినప్పుడు ఆవిడ పక్కన లేదు. కింద బట్టీ దగ్గరుంది. తెల్లవారుజాము, ప్రెట్జెల్‌లు లోపల ఉన్నాయి. పైనుంచి చేతిగంట మోగింది. "వస్తున్నా నాన్నా, ఒక్క నిమిషం, ఇవి మాడతాయి" అంది. మళ్ళీ మోగింది. ఆవిడ రొట్టెలు తీసి, పళ్ళెంలో సర్ది, చేతులు కడుక్కుని పైకి వెళ్ళింది. అప్పటికి గంట కిందపడి ఉంది. చెయ్యి పట్టుకున్నాననే అబద్ధం తమ్ముడి మొహం చూసి నోట్లోంచి వచ్చేసిందట. తర్వాత దాన్ని వెనక్కి తీసుకోలేకపోయింది.

సమాధి దగ్గర నువ్వు ఆవిణ్ణి చూసి నవ్వావు. నీకు సంగతి తెలిసిపోయిందనీ, అందుకే నవ్వావనీ అనుకుంది డార్లీన్! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమే. నువ్వు నోరు విప్పేలోపు నిన్ను పిచ్చిదాన్ని చేస్తే నీ మాట ఎవరూ నమ్మరని ఆ వేషం కట్టిందట. నీకేమీ తెలియదని, మా అమ్మ మాకు నేర్పిన నవ్వు అదేనని చెప్పాను. "అయ్యో" అంది.

సొంత చెల్లెలివని రాస్తున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి. నీకేమీ తెలియదని ఆవిడతో ఒక్క మాట అను, రెండు ఇళ్ళు చల్లబడతాయి.

వెర్నా

*

హోల్డర్‌బాఖ్
1987 డిసెంబరు 6

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరానికి వెయ్యి దణ్ణాలు. నువ్వు చెప్పినట్టే మాట్లాడతాను. కాని చాటుగా కాదు. నన్ను అందరి ముందూ అంది, అందరి ముందే తేల్చుకోవడం మర్యాద. పండగ దాకా ఆగుతాను.

హెడ్విగ్ మెత్తబడింది. ఎదురుపడితే ఏదో చెప్పబోతుంది, నేను పనుందని తప్పుకుంటున్నాను.

ఒక చిన్న సంగతి. ముసలాయన గంట కొడుతూ ఆవిణ్ణి ఏమని పిలిచేవాడో చెప్పిందా? ఊరికే అడుగుతున్నాను.

క్రిస్మస్ శుభాకాంక్షలతో,
నీ డార్లీన్

*

స్వీగార్డ్
1988 ఫిబ్రవరి 2

డార్లీన్,

క్రిస్మస్ కార్డులో నీ ప్రశ్నకి అమాయకంగా జవాబు రాసేశాను. చిన్నప్పటి ముద్దుపేరట, మంచంపట్టాకే మళ్ళీ అలా పిలిచేవాడట, "హెడీ, హెడీ" అని. నిన్న పిండి పిసుకుతుంటే ఉన్నట్టుండి వెలిగింది నువ్వెందుకు అడిగావో. రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ రైనర్ ఎత్తాడు. ఆయనతో ఏం చెప్పను? నిన్ను చెయ్యమన్నాను, నువ్వు చెయ్యలేదు.

వద్దు డార్లీన్. ఎదుటిమనిషి సామాన్లగది తలుపు తెరిచి ఊరికి చూపించకూడదు. అమ్మ కూతుళ్ళం మనం.

ఇంకో సంగతి. హెడ్విగ్ నాకు రాసింది. నీ తర్వాత తను వేదికెక్కుతుందట. ఈసారి వేషం తనదే. పోలీసు ఆపిన జర్మనీ ఆవిడ, మన నేలమాళిగలో నవ్వులు చూసి గుడ్లు తేలేసిన పిచ్చిది. చివర్లో ఆ నల్లపెట్టె దగ్గర తనే నిలబడి, నీ నవ్వుకి అర్థం ఊరికి చెప్పి, నిన్ను పైకి పిలిచి క్షమాపణ అడుగుతుందట. హాట్‌డిష్ వండి తెస్తుందట, నా దగ్గర నేర్చుకుంది. బట్టీ దగ్గర సంగతి కూడా తమ్ముడికి తనే చెప్పుకుంటుందట, పండగ అయ్యాక, ఇంట్లో, నిన్ను పక్కన పెట్టుకుని.

నీకు ముందు చెప్పొద్దంది. చెప్తున్నాను. ఆగు.

అక్క

*

హోల్డర్‌బాఖ్
1988 ఫిబ్రవరి 12

అక్కా,

అయిపోయింది! గెలిచాను. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా రాస్తున్నాను.

నిన్న సాయంత్రం హాలు కిటకిటలాడింది. మొదటి ఆట నాదే. తెల్ల ఏప్రన్ కట్టాను, తలకి హెడ్విగ్ లాగే గుడ్డ కట్టాను. ఆవిడ ముందు వరసలో ఒళ్ళో ఏదో తువ్వాలు చుట్టిన మూట పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి తలూపింది కూడా. వీధిని సబ్బుతో కడిగాను, నవ్వారు. కాగితం ఇస్త్రీ చేశాను, నవ్వారు. ఆవిడా నవ్వింది.

అప్పుడు బట్టీ దగ్గరకి వెళ్ళాను. తెర వెనక ఇత్తడి గంట మోగింది. "హెడీ! హెడీ!" అని ముసలి గొంతుతో నేనే పలికి, "వస్తున్నా నాన్నా! ఇవి మాడతాయి నాన్నా!" అని నేనే జవాబు చెప్పాను. ప్రెట్జెల్‌లు ఒక్కొక్కటే పళ్ళెంలో సర్దాను. గంట మోగుతూనే ఉంది. మొదట నవ్వారు. చిన్నప్పుడు ఆవిణ్ణి "హెడీ" అని పిలిచింది ముసలాయనొక్కడేనని ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలుసు. వెనక వరసల్నుంచి నవ్వు ఆగుతూ ఆగుతూ ముందుకొచ్చింది. గంట ఆగింది. నేను చేతులు కడుక్కుని మెట్లెక్కాను.

రైనర్ లేచి నిలబడ్డాడు. నా వంక చూడలేదు. "నిజమేనా అక్కా?" అన్నాడు. ఆవిడ తల దించలేదు. "నిజమే రా" అంది. అతను కోటు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు, ఇంకా ఇంటికి రాలేదు. వస్తాడులే. పోయినేడు నన్ను చూసి నవ్విన రాత్రి కూడా ఈ ఇంటికేగా వచ్చాడు?

దిగెళ్ళి దండ వేశాను. ఆ ప్రెట్జెల్‌లు ఆవిడ బేకరీలోవే, ఆవిడ చేత్తో చుట్టినవే. ఏడాదిగా ఆ క్షణం కోసమే బతికాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ఆ ఒక్కటే నాకు నచ్చలేదు. అయినా

ఇంతవరకూ రాశాక పోస్టు వచ్చింది. నీ ఉత్తరం చదివాను.

అక్కా, నిన్న ఆవిడ ఒళ్ళో ఉన్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది. హాలు ఊడ్చే అతను ఇందాకే తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళాడు, మూతమీద నా పేరుందని. బంగాళదుంప బిళ్ళలు వరసగా, కొలిచి పేర్చినట్టున్నాయి. చల్లారి గడ్డకట్టింది. నవ్వు నాలుగు విధాల చేటని విన్నాను, అది ఏ నవ్వో ఇప్పుడు తెలుస్తోంది.

బేకరీకి పరుగెత్తాను. తలుపులు మూసి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళలో శుక్రవారం పొద్దున ఆ బట్టీ ఆరిపోయి ఉండటం నేను చూడలేదు. కిటికీలోంచి ఆవిడ కనబడింది. తలుపు కొట్టాను, పిలిచాను. నాకేమీ తెలియదు వదినా, సమాధి దగ్గర నాకేమీ తెలియదు అని అరిచాను. వీధంతా విన్నది. ఆవిడ తెర లాగేసింది.

నిన్న జరిగిన చివరి సంగతి నీకు రాయలేదు. రాయొద్దనుకున్నాను. దండ వేశాక ఆవిడ కట్టుబాటు ప్రకారం ఒక ముక్క తుంచింది, నోట్లో వేసుకుంది, నమిలి మింగింది. తర్వాత మన అయోలాలాగా, మన అమ్మలాగా, హాల్లో అందరి వైపూ తిరిగి నవ్వింది. మా పెళ్ళికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళల్లోకి చూసింది.

"హౌ ఆర్ యూ?" అంది.

నేను నోరు తెరిచేలోపు వెళ్ళిపోయింది.

డార్లీన్